తాతమ్మ పుట్టిల్లు ఎక్కడ వెతకాలి

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. మీ అమ్మమ్మ వాళ్ళమ్మ పేరు సుబ్బమ్మ. తెనాలి దగ్గర ఊరికి కోడలిగా వచ్చింది, 1955 ప్రాంతంలో పోయింది. పుట్టిల్లు "ఏటికి అవతల, సముద్రం దగ్గర" అనీ, "వాళ్ళవాళ్ళు ఉప్పెనలో పోయారు" అనీ తప్ప ఇంకేమీ తెలియదు. ఊరు తెలియదు, పుట్టింటి ఇంటిపేరు తెలియదు. తహసీల్దారు ఆఫీసుకు రెండుసార్లు వెళ్ళారు, ఆ పేరు మీద ఏమీ లేదన్నారు. ఇక దారి ఉందా అని అడిగారు.

ఉంది. నేను ముప్పై ఏళ్ళు దస్తావేజులు రాశాను. ఆ పని మానేశాక బంధువులకీ స్నేహితులకీ వాళ్ళ వంశవృక్షాలు వెతికిపెడుతున్నాను. మగవాళ్ళ వరస ఐదారు తరాలు తేలిగ్గా దొరుకుతుంది. ఆడవాళ్ళ దగ్గరికొచ్చేసరికి రెండో తరంలోనే ఆగిపోతుంది. చాలామంది అక్కడితో వదిలేస్తారు. మీరు వదలకుండా అడిగినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక పని చెయ్యండి. సుబ్బమ్మ అనే పేరుతో వెతకడం ఆపండి. పెళ్ళితో ఆమె ఇంటిపేరు మారింది, గోత్రం మారింది. అత్తగారి పేరూ సుబ్బమ్మే అయితే పిలుపు కూడా మారి ఉంటుంది. కాగితం మీద ఆమె ఎక్కడ కనిపించినా "ఫలానా వారి భార్య" అనే ఉంటుంది. పైగా మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామికి మొక్కుకుని పుట్టిన ఆడపిల్లల్లో చాలామంది ఆ చుట్టుపక్కల సుబ్బమ్మలే. మీరు వెతకాల్సింది ఆమె అన్నదమ్ముల్ని. వాళ్ళ ఇంటిపేరు దొరికితే ఆమె తండ్రి, తాత వాళ్ళ వెనకే వస్తారు.

మీ అమ్మమ్మకు 88 ఏళ్ళు, మాట స్పష్టంగానే ఉందన్నారు. అంతకు మించిన రికార్డు ఏ ఆఫీసులోనూ లేదు, కాబట్టి మొదలు అక్కడే. "మీ అమ్మది ఏ ఊరు?" అని సూటిగా అడిగితే "గుర్తులేదు" అనే వస్తుంది. పేర్లు పోతాయి గానీ ప్రయాణాలు, పెళ్ళిళ్ళు, తిండి గుర్తుంటాయి. అందుకని ఇలా అడగండి. "నీ పెళ్ళిలో నిన్ను గంపలో కూర్చోబెట్టి పీటల దగ్గరికి మోసుకొచ్చిన మేనమామ ఎవరు?" ఆ మేనమామే సుబ్బమ్మ తోడబుట్టినవాడు. తోడబుట్టినవాడు లేకపోతే పెదనాన్న కొడుకో చిన్నాన్న కొడుకో అయ్యుంటాడు, ఇంటిపేరు మాత్రం అదే. "మీ అమ్మ పోయినప్పుడు పుట్టింటి చీర ఎవరు పట్టుకొచ్చారు?" ఈ ప్రశ్నకు జవాబు రాని పెద్దావిడను నేను ఇంతవరకు చూడలేదు. ఆ చీర తెచ్చినవాళ్ళు ఎంతసేపటికి వచ్చారు, శవం లేచేలోపు అందారా లేదా అనేది కూడా చెబుతారు. దాన్నిబట్టి దూరం తెలుస్తుంది.

తర్వాత ప్రయాణం గురించి అడగండి. ఏటికి అవతల అంటే కృష్ణకు అవతల, దివిసీమ వైపు అనే అనుకోవచ్చు. పెనుమూడి, పులిగడ్డ మధ్య వంతెన రాకముందు అక్కడ రేవు దాటేవాళ్ళు. "పండక్కి అమ్మతో వెళ్ళినప్పుడు పడవ ఎక్కింది ఎక్కడ? అవతల దిగాక బండి ఎంతసేపు? పొద్దున్నే బయల్దేరితే భోజనాల వేళకు చేరేవాళ్ళా, దీపాలు పెట్టాకా?" ఎడ్లబండి గంటకు రెండు మూడు మైళ్ళు నడుస్తుంది. పులిగడ్డ రేవు నుంచి మూడు గంటలు అంటే ఏడెనిమిది మైళ్ళు, అంటే నాగాయలంక, కోడూరు వైపు ఊళ్ళు. గంటలోపే అంటే అవనిగడ్డ, మోపిదేవి చుట్టుపక్కల. ఒక్క జవాబుతో ఇన్ని ఊళ్ళు పక్కకు వెళ్ళిపోతాయి. ఆమె చెప్పేటప్పుడు ఫోన్లో రికార్డు పెట్టి, మధ్యలో సరిదిద్దకుండా వినండి. ఒకే కథ రెండోసారి చెప్పినా చెప్పనివ్వండి, రెండోసారి చెప్పినప్పుడే కొత్త పేరు ఒకటి బయటికొస్తుంది.

ఇక ఉప్పెన. ఈ మాట దగ్గర మీరు జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే ఆ తీరం మీద ఉప్పెన ఒకటి కాదు. 1864 నవంబరు 1న, రక్తాక్షి సంవత్సరంలో వచ్చిన ఉప్పెన బందరును, దివిని ముంచింది. సుమారు 30,000 మంది పోయారు. మనందరం విన్న దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి లాంటి ఊళ్ళు ఊళ్ళకు ఊళ్ళే కొట్టుకుపోయాయి. మీ ఇంట్లో చెప్పే ఉప్పెన ఏది? సుబ్బమ్మ చిన్నప్పుడు విని, "మా తాతవాళ్ళు ఉప్పెనలో పోయారట" అని పిల్లలకు చెప్పి ఉంటే అది 1864. అలా కాకుండా సుబ్బమ్మ అన్నదమ్ముల పిల్లలు పోయారంటే 1977. అప్పటికి మీ అమ్మమ్మకు నలభై ఏళ్ళు, కబురు ఎలా వచ్చిందో, ఎవరు వెళ్ళి చూసొచ్చారో ఆమెకు తప్పక గుర్తుంటుంది. ఈ రెంటిలో ఏదో తేలకుండా ముందుకు వెళ్ళొద్దు. 1977 అయితే ఆ ఊళ్ళలో పెద్దవాళ్ళు ఏ ఇంటిపేరు వాళ్ళ ఇల్లు పోయిందో ఇప్పటికీ వీధి వారీగా చెప్పగలరు.

ఆఫీసులకు వెళ్ళే ముందు ఇంకొకటి ఉంది. దీన్ని చాలామంది మర్చిపోతారు. మీ అమ్మమ్మ అన్నదమ్ముల ఇళ్ళలో అటక మీద ఉన్న పాత ఇత్తడి, కంచు సామాను దింపించండి. సారెలో వచ్చిన బిందెల మీద, గంగాళాల మీద, మరచెంబుల మీద పేర్లు చెక్కించడం మన దగ్గర పాత అలవాటు.

మా నాయనమ్మ తల్లి సంగతి నాకు అలాగే తెలిసింది. ఆమె పుట్టిల్లు ఎక్కడో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మా పెద్దనాన్న ఇల్లు పడగొట్టేటప్పుడు అటక మీద నుంచి ఒక బిందె దిగింది. నల్లగా చిలుం పట్టి, అడుగున సొట్టపోయి ఉంది. పాత సామానువాడికి వేసేద్దామన్నారు. నేను చింతపండు, ఇటుక పొడి పెట్టి మెడ చుట్టూ తోమాను. ముందు చుక్కలు కనబడ్డాయి. ఉలితో ఒక్కో చుక్క కొట్టుకుంటూ రాసిన అక్షరాలు అవి, చేత్తో తడిమితే వేలికి తగులుతాయి. పొద్దు వాలేటప్పుడు ఎండ ఏటవాలుగా పడేలా పట్టుకుంటే మొత్తం చదవగలిగాను. రెండు పొడి అక్షరాలు, "కూతురు సీతమ్మకు", ఆ పక్కనే "సౌమ్య". సౌమ్య మనిషి పేరు కాదు, సంవత్సరం పేరు. ప్రభవ 1867లో వచ్చింది, అక్కడి నుంచి లెక్కపెడితే నలభై మూడోది సౌమ్య, అంటే 1909-10. అరవై ఏళ్ళు వెనక్కి వెళితే ఆమె పుట్టనే లేదు, ముందుకు వెళితే ఆమె లేదు. అలా పెళ్ళి ఏడాది తేలింది, ఇంటిపేరు మొదటి అక్షరం తేలింది. ఆ బిందె ఇప్పుడు మా ఇంట్లో దేవుడి గదిలో ఉంది.

మీ ఇంట్లో తద్దినాలు పెట్టి, మహాలయ పక్షాల్లో తర్పణాలు వదిలే అలవాటు ఉంటే మీకు ఇంకా దగ్గర దారి ఉంది. కొడుకు తర్పణం వదిలేటప్పుడు తండ్రి వైపు మూడు తరాలే కాదు, తల్లి వైపు మూడు తరాలూ చెప్పాలి. మాతామహుడు, ఆయన తండ్రి, ఆయన తాత. వాళ్ళతోపాటు వాళ్ళ భార్యలు. అంటే సుబ్బమ్మ కొడుకు తర్పణం చీటీలో సుబ్బమ్మ తండ్రి, తాత, ముత్తాత పేర్లు, ఆమె తల్లి, నాయనమ్మ, తండ్రి నాయనమ్మ పేర్లు గోత్రంతో సహా ఉండాలి. ఒక్క చీటీలో ఆరు పేర్లు. ఇక్కడే అందరూ పొరపాటు పడతారు. వెళ్ళి సుబ్బమ్మ మనవడిని అడుగుతారు. మనవడి చీటీలో సుబ్బమ్మ పేరు ఉంటుంది గానీ ఆమె పుట్టింటివాళ్ళు ఉండరు, ఎందుకంటే అతని మాతామహులు వేరు. మీకు కావలసింది సుబ్బమ్మ కొడుకులు, అంటే మీ అమ్మమ్మ అన్నదమ్ములు, తమ కోసం రాసుకున్న పాత పుస్తకం. పంచాంగాల మధ్య, దేవుడి పెట్టెలో, భగవద్గీత అట్ట లోపల వెతకండి. వాళ్ళు కాశీకో గయకో వెళ్ళి ఉంటే అక్కడ తెలుగువాళ్ళు దిగే పండాల, అంటే తీర్థ పురోహితుల, చిట్టాల్లో కూడా రాయించి ఉంటారు. ఊరు, జిల్లా, ఇంటిపేరు చెప్తే పాత చిట్టా తీస్తారు. ఎవరైనా అటు వెళ్తుంటే మీ అమ్మమ్మ పుట్టింటి ఇంటిపేరు, వాళ్ళ ఊరు ఒక చీటీ మీద రాసివ్వండి. జిల్లా దగ్గర మాత్రం కృష్ణా, గుంటూరు రెండూ రాయండి.

ఎందుకంటే గుంటూరు జిల్లా ఏర్పడింది 1904లో. అంతకుముందు తెనాలి, రేపల్లె ప్రాంతాలు కృష్ణా జిల్లాలోవే. ఇప్పుడు రేపల్లె 2022లో ఏర్పడిన బాపట్ల జిల్లాలోకి వెళ్ళింది. ఊరు కదల్లేదు, కాగితాలు కదిలాయి. ఏ ఏడాది కాగితం కావాలో ఆ ఏడాది ఆ ఊరు ఏ జిల్లా, ఏ తాలూకా అన్నది ముందు రాసిపెట్టుకోండి.

ఇప్పుడు ఆఫీసుల సంగతి. జనన రిజిస్టర్లతో మొదలుపెట్టమని చెబుతాను, కానీ సుబ్బమ్మ పుట్టుక కోసం కాదు. తొలిచూలు పురుడు పుట్టింట్లోనే పోయడం మన ఆనవాయితీ. మీ అమ్మమ్మ ఆఖరి సంతానం అన్నారు. అయితే అందరికంటే పెద్దన్నయ్యో పెద్దక్కయ్యో పుట్టింది తెనాలి వైపు కాదు, సుబ్బమ్మ పుట్టిన ఊళ్ళో. ఆ పిల్లవాడి జననం ఆ ఊరి మునసబు పుస్తకంలో ఎక్కి ఉండాలి. మద్రాసు ప్రెసిడెన్సీలో 1899లోనే జనన మరణాల నమోదుకు చట్టం ఉంది. బారసాల కాకముందే రాస్తారు కాబట్టి బిడ్డ పేరు గడి చాలాసార్లు ఖాళీగా ఉంటుంది. మగ లేక ఆడ, తేదీ, తండ్రి పేరు, అంతే. కాబట్టి మీరు వెతకాల్సింది సుబ్బమ్మ భర్త పేరు. ఏటికి అవతలి ఊరి పుస్తకంలో ఏటికి ఇవతలి మనిషి పేరు తండ్రిగా కనిపించిందంటే ఆ ఊరే మీ తాతమ్మ పుట్టిల్లు. బండి ప్రయాణంతో ఊళ్ళను ముందే తగ్గించుకోమన్నది ఇందుకే, అన్ని ఊళ్ళ పుస్తకాలు తిరగేయడం ఎవరివల్లా కాదు.

ఆ పుస్తకాలు అన్నీ మిగిలి ఉంటాయని మాత్రం నేను చెప్పను. 1984లో కరణాలను, మునసబులను తీసేసినప్పుడు కొన్ని తాలూకా కచేరీలకు చేరాయి, కొన్ని వాళ్ళ ఇళ్ళలోనే ఉండిపోయాయి. ఒక రికార్డు గదిలో నేను అడిగిన పన్నెండేళ్ళ పుస్తకాలు చెదలు తిని మట్టి అయిపోయి ఉన్నాయి, అట్టలు మాత్రం మిగిలాయి. ఆ రోజు నాకు కలిగిన బాధ ఇంకా పోలేదు. అందుకని ఆ ఊరి పాత కరణంగారి ఇంటికి కూడా వెళ్ళండి. పండో స్వీటో పట్టుకుని వెళ్ళి, భూమి తగాదా కోసం రాలేదని ముందే చెప్పండి. ఆ ఒక్క మాటతో వాళ్ళ టెన్షన్ పోతుంది, పెట్టె తెరుస్తారు.

తహసీల్దారు ఆఫీసులో ఆమె పేరు ఎందుకు లేదంటే, మీరు వెతికింది అత్తవారి ఊరి అడంగల్లో, అంటే ఏ భూమి ఎవరి సాగులో ఉందో రాసే పుస్తకంలో. ఆమెకంటూ భూమి ఉంటే అది పుట్టింటి ఊళ్ళో ఉండేది, పసుపు కుంకుమ కింద ఇచ్చిన అరెకరమో ఎకరమో. ఆ ఇచ్చింది కూడా చాలావరకు నోటిమాటే, కాగితం ఉండదు. అది కాగితం మీదికి వచ్చేది ఆమెగానీ కొడుకులుగానీ దాన్ని అమ్ముకున్న రోజు. ఆ క్రయ దస్తావేజులో రాసేవాడు ఆస్తి ఎలా వచ్చిందో తప్పక రాస్తాడు: "మా తల్లికి ఆమె పుట్టింటివారు పసుపు కుంకుమల నిమిత్తం ఇచ్చిన భూమి". నేనే ఎన్ని రాశానో లెక్కలేదు. దాని కింద హద్దులు ఉంటాయి. తూర్పు ఫలానా వారి భూమి, దక్షిణం ఫలానా వారి భూమి. ఎకరం విడగొట్టి కూతురికి ఇచ్చారంటే మిగతా ముక్క అన్నదమ్ములదే కదా. నాలుగు హద్దుల్లో కనీసం ఒక హద్దు సొంత అన్నదమ్ములది అయ్యుంటుంది, ఇంటిపేరుతో సహా. దస్తావేజులో అందరూ విస్తీర్ణం, ధర చదువుతారు. మీరు హద్దులు చదవండి.

దీన్ని ఎలా పట్టుకోవాలంటే, 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం వంద రూపాయలు, ఆపైన విలువున్న స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు కావాలి. ఆస్తి ఉన్న ఊరు ఏ సబ్ రిజిస్ట్రార్ పరిధిలో ఉంటే సాధారణంగా ఆ ఆఫీసులోనే నకలు ఉంటుంది. అందువల్ల మీరు తెనాలి కాకుండా అవనిగడ్డ వైపు ఆఫీసులో అడగాలి. మామూలుగా ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం, కావాలంటే సర్వే నంబరు పెట్టి వెతుకుతారు, మీ దగ్గర సర్వే నంబరు లేదు. కాబట్టి పేర్ల సూచిక చూడాలని అడగండి. స్థిరాస్తి దస్తావేజులు ఒకటో పుస్తకంలో ఉంటాయి, దానికి మనుషుల పేర్లతో ఒక ఇండెక్సు, ఆస్తులతో ఇంకో ఇండెక్సు వేరువేరుగా ఉంటాయి. ఫీజు కట్టి అవి చూసే హక్కు చట్టం ఎవరికైనా ఇచ్చింది. 1983 తర్వాతివి కంప్యూటర్లో వస్తాయి, మీకు కావలసినవి అంతకు ముందువి, చేత్తో తిరగేయాల్సిందే. సుబ్బమ్మ పేరుతో, ఆమె భర్త పేరుతో, కొడుకులందరి పేర్లతో వెతికించండి. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చేదాకా ఆడవాళ్ళు భూమి అమ్మినప్పుడు కొనేవాళ్ళు ధైర్యం కోసం కొడుకుల చేత కూడా సంతకాలు పెట్టించుకునేవారు.

అన్నదమ్ములు ఎవరైనా పిల్లలు లేకుండా పోయి ఉంటే కోర్టు కాగితాలు కూడా చూడదగ్గవే. భార్య ఉంటే ఆస్తి ఆమె బతికినన్నాళ్ళు ఆమె చేతిలో ఉండేది, ఆ తర్వాత వారసులెవరని దావాలు పడేవి. 1929లో చేసిన సవరణ చట్టంతో అక్కచెల్లెళ్ళు, వాళ్ళ కొడుకులు కూడా ఆ వారసుల వరసలోకి వచ్చారు. అలాంటి దావాకు వంశవృక్షం జతచేయకుండా పని జరగదు. అందులో ఆడపిల్లల పేర్లూ, వాళ్ళను ఇచ్చిన ఊళ్ళూ ఉంటాయి. మీ అమ్మమ్మ అన్నదమ్ముల ఇళ్ళలో "తాత కోర్టుల చుట్టూ తిరిగాడు" అనే మాట ఎప్పుడైనా విని ఉంటే ఆ కాగితాల కట్ట ఎక్కడుందో కనుక్కోండి.

మేనరికం సంగతి కూడా అడగండి. సుబ్బమ్మను మేనత్త కొడుక్కే ఇచ్చి ఉంటే, ఆమె అత్తగారి పుట్టింటి ఇంటిపేరు, ఆమె ఇంటిపేరు ఒకటే. అప్పుడు మీ దగ్గర ఇప్పటికే ఉన్న మీ అమ్మమ్మ తండ్రి వైపు కాగితాల్లోనే జవాబు దొరికే అవకాశం ఉంది. సుబ్బమ్మ కూతుళ్ళలో ఎవరినైనా మేనమామకు ఇచ్చారేమో కూడా చూడండి. ఆ కూతురి అత్తవారి ఇంటిపేరే మీరు వెతికే ఇంటిపేరు.

మీది క్రైస్తవ కుటుంబమో కాదో మీరు రాయలేదు. క్రైస్తవ కుటుంబమే అయితే ఆఫీసులకంటే ముందు చర్చి రిజిస్టర్లు చూడండి. గుంటూరులో లూథరన్ మిషన్ 1842 నుంచి ఉంది, ఒంగోలు వైపు బాప్టిస్టులు 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. భూమి లేని కుటుంబాల ఆడవాళ్ళ పేర్లు భూమి రికార్డుల్లో ఎలాగూ ఉండవు. బాప్తిస్మం, పెళ్ళి పుస్తకాల్లో వాళ్ళు సొంత పేరుతో, తండ్రి పేరుతో ఉంటారు. కొన్ని కులాలకు వంశావళి చెప్పే ఆశ్రితులు ఉన్నారు. రెడ్లకు, కమ్మవారికి పిచ్చుగుంట్లవాళ్ళు గోత్రాలు, ఇంటిపేర్లు చెప్తారు, పద్మశాలీలకు కూనపులివాళ్ళు ఉన్నారు. మీ అమ్మమ్మ చిన్నప్పుడు వాళ్ళ గుమ్మంలోకి ఎవరొచ్చేవాళ్ళో అడగండి.

డీఎన్ఏ పరీక్ష చేయించుకోవాలా అని కూడా అడిగారు. మీరు ఆమెకు తల్లి వైపు వరసలో వచ్చినవారే కాబట్టి తల్లి నుంచి వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏ మీలోనూ అదే. కానీ అది వేల ఏళ్ళ నాటి వలసల గురించి చెబుతుంది, ఊరి పేరు చెప్పదు. మేనరికాలున్న కుటుంబాల్లో దూరపు చుట్టాలు కూడా దగ్గరివాళ్ళుగా లెక్కలోకి వస్తారు. ఆ డబ్బుతో మీ అమ్మమ్మను కారులో పులిగడ్డ వంతెన మీదుగా అవతలికి తీసుకెళ్ళండి. వంతెన దిగి నెమ్మదిగా నడపండి. గుడి, చెరువు, కాలవ మలుపు చూసి ఆమే "ఇటు" అని చెప్పవచ్చు. ఇలా ఒకావిడ రావిచెట్టు దగ్గర కారు ఆపించడం నేను కళ్ళారా చూశాను.

మేనమామ పేరు, బిందె మీద అక్షరాలు, ఉప్పెన ఏదన్నది, ఈ మూడూ ముందు తేల్చుకుని మళ్ళీ రాయండి. బిందె ఫోటో ఫ్లాష్ వెయ్యకుండా, సాయంత్రం ఎండలో పక్క నుంచి తీయండి. మెడ మీద ఏమీ లేకపోతే అడుగున, అంచు లోపల కూడా చూడండి. అక్షరాలు అర్థం కాకపోతే నేను చదివి చెబుతాను.